ఎడమ బడ్‌లో సౌండ్ తక్కువ వస్తోందా? తప్పు బడ్‌దా, ఫోన్‌దా, చెవిదా ఇలా తేల్చుకోండి

పోయిన ఏడాది నేను ఒక తప్పు రివ్యూ రాశాను. ఈ ఆర్టికల్ ఆ తప్పుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీలో చాలామంది ఇదే తప్పు చేసే ఛాన్స్ ఉంది.

మూడు వేల లోపు ధరలో ఒక ఇయర్‌బడ్స్ సెట్ సొంత డబ్బులు పెట్టి కొన్నాను. మొదటి రోజు నుంచీ ఎడమ బడ్‌లో సౌండ్ తక్కువగా అనిపించింది. పాటలో గొంతు మధ్యలోంచి రావాలి కదా, నాకు కాస్త కుడి పక్కకి జరిగి వినిపించేది. నాలుగు రోజులు వాడాను, ఐదో రోజు రివ్యూ పెట్టేశాను. "ఎడమ కుడి బ్యాలెన్స్ లేదు, ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్ సరిగా చేయలేదు, కొనకండి" అని. మా పిన్ని కొడుకు ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో అదే మోడల్ ఆర్డర్ పెట్టుకున్నాడు. నా రివ్యూ చూసి క్యాన్సిల్ చేసి, ఇంకో పదిహేను వందలు అప్పు చేసి వేరేది కొన్నాడు.

వారం తర్వాత నా ఇంజినీరింగ్ ఫ్రెండ్ ఒకడు ఫోన్ చేశాడు. వాడు తిరుపతి జిల్లాలో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఆడియో టెస్టింగ్ లైన్ మీద పనిచేస్తాడు. తిట్టలేదు. ఒక్కటే అడిగాడు. "ఒరేయ్, ఎన్నిసార్లు కొలిచావురా?"

నేను ఒక్కసారి కూడా కొలవలేదు. విన్నాను, అంతే.

ఆ ఫోన్ కాల్ తర్వాత నేర్చుకున్నదంతా ఈ ఆర్టికల్. చెవికి తెలిసే తేడా అబద్ధం కాదు, కానీ ఆ తేడా ఎక్కడ పుట్టిందో చెవి చెప్పలేదు. అది చెప్పడానికే టెస్టింగ్ అనేది ఉంది. ఫ్యాక్టరీలో వాళ్ళు ఎలా చేస్తారో తెలిస్తే ఇంట్లో మనం కూడా చిన్న సైజులో చేసుకోవచ్చు.

ముందుగా డెసిబెల్ లెక్క

సౌండ్ ఎంత గట్టిగా ఉందో డెసిబెల్స్‌లో చెప్తారు. నేను ఇక్కడ డీబీ అని రాస్తాను. ఇది మామూలు కూడిక లెక్క కాదు, రెట్ల లెక్క. ఈ నాలుగు పాయింట్లు గుర్తుంచుకుంటే చాలు.

పవర్ రెట్టింపు అయితే 3 డీబీ పెరుగుతుంది. పవర్ పది రెట్లు అయితే 10 డీబీ పెరుగుతుంది.

మన చెవికి "రెండింతలు గట్టిగా ఉంది" అనిపించాలంటే సుమారు 10 డీబీ కావాలి. అంటే పది రెట్ల పవర్. బాక్స్ మీద వాట్స్ రెట్టింపు చూసి సౌండ్ రెట్టింపు వస్తుందనుకుంటే నిరాశే మిగులుతుంది. వచ్చేది 3 డీబీ మాత్రమే.

మామూలుగా వినేటప్పుడు మనం గుర్తుపట్టగలిగే అతి చిన్న తేడా సుమారు 1 డీబీ. నిశ్శబ్దమైన గదిలో, వెంటవెంటనే మార్చి వింటే అంతకంటే చిన్న తేడా కూడా పట్టేస్తాం.

ఎడమ కుడి చెవుల మధ్య తేడా అయితే ఇంకా తొందరగా తెలుస్తుంది. రెండు చెవులకి అందే సౌండ్‌లో తేడాని బట్టే శబ్దం ఏ పక్క నుంచి వస్తోందో మెదడు లెక్క కడుతుంది. అందుకే ఒక పక్క 1 డీబీ తగ్గినా గొంతు మధ్యలోంచి కొంచెం జరిగినట్టు అనిపిస్తుంది. అది "సౌండ్ తక్కువ" అని కాక "ఏదో తేడాగా ఉంది" అని మాత్రమే తెలుస్తుంది.

ఇదంతా టెలిఫోన్ కాలం నుంచే ఉంది

"పీస్‌కీ పీస్‌కీ సౌండ్ తేడా" అనే గొడవ ఇయర్‌బడ్స్‌తో మొదలవలేదు. టెలిఫోన్‌తో మొదలైంది.

అమెరికాలో టెలిఫోన్ లైన్లు వేసేటప్పుడు, దూరం పెరిగేకొద్దీ గొంతు ఎంత తగ్గుతోందో చెప్పడానికి ఒక కొలత కావాల్సి వచ్చింది. మొదట్లో "ఒక మైలు స్టాండర్డ్ కేబుల్" దాటితే ఎంత తగ్గుతుందో అదే కొలత. అంత చిన్న తగ్గుదలే సగటు మనిషి చెవికి ఉజ్జాయింపుగా తెలిసే కనీస తేడా కూడా. 1920ల్లో దాని స్థానంలో లెక్కలకి అనుకూలమైన కొత్త యూనిట్ తెచ్చి, తర్వాత అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరు మీద డెసిబెల్ అన్నారు.

అదే బెల్ కుటుంబంలోని కంపెనీల్లో వాల్టర్ షూహార్ట్ అనే ఆయన 1924 మే నెలలో తన పై అధికారికి ఒక్క పేజీ నోట్ రాసిచ్చాడు. అందులో ఉన్నది ఈరోజు ప్రపంచమంతటా ఫ్యాక్టరీల్లో వాడే కంట్రోల్ చార్ట్. అందులోని ఆలోచన సింపుల్. ఒకే మెషీన్ మీద తయారైన రెండు వస్తువులు ఎప్పుడూ అచ్చం ఒకేలా ఉండవు. కొంత తేడా సహజం. ఆ సహజమైన తేడాకి హద్దు ఎక్కడుందో ముందు తెలుసుకో, హద్దు దాటినప్పుడే కారణం వెతుకు. ప్రతి చిన్న తేడాకీ ఉలిక్కిపడి మెషీన్ సరిచేస్తూ పోతే పని ఇంకా చెడుతుంది.

1933లో బెల్ ల్యాబ్స్‌లోనే హార్వే ఫ్లెచర్, మన్సన్ ఇంకో సంగతి కొలిచి చూపించారు. చెవి అన్ని ఫ్రీక్వెన్సీలనీ ఒకేలా వినదు. సౌండ్ తగ్గించేకొద్దీ బేస్ మిగతా వాటికంటే ఎక్కువగా మాయమైనట్టు అనిపిస్తుంది. పెంచితే బేస్ నిండుగా వస్తుంది. పాటలో ఏమీ మారలేదు, మారింది మన వినికిడి. దీంతో రివ్యూలు ఎలా తప్పుతాయో కింద చెప్తాను.

ఫ్యాక్టరీలో అసలేం చేస్తారు

మా వాడు చెప్పింది విని నేను ఆశ్చర్యపోయింది ఇక్కడే. నేను అనుకున్నది ఒకతను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ "ఓకే, ఓకే, రిజెక్ట్" అంటాడని. అలా కాదు.

బయటి చప్పుడు రాని చిన్న పెట్టె ఉంటుంది. దాని లోపల మనిషి చెవి రంధ్రంలా పనిచేసే గొట్టం, చివర కొలిచే మైక్. దీన్ని ఇయర్ సిమ్యులేటర్ అంటారు, దీనికి అంతర్జాతీయ స్టాండర్డ్ ఉంది. బడ్‌ని అందులో బిగించి, మూత వేసి, కింది ఫ్రీక్వెన్సీ నుంచి పై ఫ్రీక్వెన్సీ దాకా "ఊఁయ్" మని పాకే ఒక టోన్ ప్లే చేస్తారు. కొన్ని సెకన్లలో గ్రాఫ్ వస్తుంది. ఆ గ్రాఫ్‌కి పైన ఒక గీత, కింద ఒక గీత ముందే గీసి ఉంటాయి. రెండు గీతల మధ్య ఉంటే పాస్, ఎక్కడైనా బయటికి పొడుచుకొస్తే ఫెయిల్. దాంతోపాటు డిస్టార్షన్, లోపల ఏదైనా తగిలి వచ్చే గరగర, ఎడమ కుడి తేడా కూడా చూస్తారు.

ఆ గీతలు గాల్లోంచి రావు. అన్ని విధాలా సరిగ్గా ఉన్న ఒక పీస్‌ని పక్కన పెట్టుకుంటారు. దాన్ని గోల్డెన్ శాంపిల్ అంటారు. షిఫ్ట్ మొదలయ్యేటప్పుడు ముందు దాన్నే టెస్ట్ చేస్తారు. అదే ఫెయిల్ అయిందంటే తప్పు బడ్‌ది కాదు, టెస్ట్ పెట్టెది. చాలాసార్లు బడ్ సరిగా బిగుసుకోక గాలి లీక్ అయి బేస్ పడిపోతుంది. మంచి పీస్‌ని చెడ్డది అని మెషీన్ చెప్పేస్తుంది. అందుకే ఒకే పీస్‌ని తీసి, మళ్ళీ పెట్టి, ఇంకొకరితో పెట్టించి, మళ్ళీ మళ్ళీ కొలిచి, కొలతలోనే ఎంత తేడా వస్తోందో ముందు లెక్కేస్తారు.

"మేం ముందు టెస్ట్‌నే టెస్ట్ చేస్తాంరా. ఆ తర్వాతే మాల్‌ని" అన్నాడు మా వాడు. నాకు ఈ మొత్తం సబ్జెక్ట్‌లో బాగా పనికొచ్చిన మాట ఇదే.

స్పెక్ లోపలే ఉన్నా చెవికి ఎందుకు తెలుస్తుంది?

ఫోన్లలో, బడ్స్‌లో వాడే చిన్న స్పీకర్ల డేటాషీట్లు తెరిస్తే, సౌండ్ లెవెల్ పక్కన ప్లస్ ఆర్ మైనస్ 3 డీబీ అని ఉండటం మామూలే. అంటే ఒక పీస్ 3 డీబీ ఎక్కువ, ఇంకో పీస్ 3 డీబీ తక్కువ ఉన్నా రెండూ విడివిడిగా పాస్. కానీ ఆ రెండిట్నీ ఒకే బాక్స్‌లో జతగా పెడితే మధ్యలో 6 డీబీ తేడా. అది మీ నానమ్మకి కూడా తెలిసిపోతుంది.

దీన్ని తప్పించడానికి రెండు దారులున్నాయి. ఒకటి, కొలిచిన తర్వాత దగ్గర దగ్గర రీడింగ్ ఉన్న పీసుల్ని జత కట్టడం. రెండోది, ప్రతి బడ్‌నీ కొలిచి, తక్కువ వచ్చినదానికి ఎంత పెంచాలో ఆ నంబర్‌ని దాని చిప్ మెమరీలోనే రాసెయ్యడం. రెండింటికీ టైమ్ కావాలి. లైన్ మీద ఒక్కో పీస్‌కి అదనంగా పట్టే ప్రతి సెకనూ ఖర్చే. అందుకే ఎడమ కుడి మధ్య ఎంత తేడా ఒప్పుకోవాలి అన్న నంబర్ దగ్గర మంచి కంపెనీకీ చవక కంపెనీకీ తేడా వస్తుంది. బాక్స్ మీద ఆ నంబర్ రాయరు.

సర్వీస్ సెంటర్‌లో "స్పెక్ లోపలే ఉంది సార్" అన్నప్పుడు వాళ్ళు అబద్ధం చెప్తున్నారని అనుకోనక్కర్లేదు. 2 డీబీ తేడా స్పెక్ లోపల ఉండొచ్చు, అదే 2 డీబీ మీ చెవికి ఖచ్చితంగా తెలియొచ్చు. రెండూ నిజమే.

నేను చేసిన టెస్ట్

మా వాడు ఆదివారం హైదరాబాద్ వచ్చినప్పుడు ఇద్దరం కూర్చున్నాం. మీరూ చేయొచ్చు, రెండు ఫోన్లు చాలు.

మొదట అనుమానితుల్ని ఒక్కొక్కర్నీ తీసేశాం. ఫోన్‌లో యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో ఆడియో బ్యాలెన్స్ అనే స్లైడర్ ఉంటుంది. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉంది. అది సరిగ్గా మధ్యలో ఉందో లేదో చూశాం. ఎవరో పిల్లలు ఆడుకుంటూ జరిపేసిన కేసులు చాలా ఉంటాయి. తర్వాత బడ్స్ యాప్‌లో నాయిస్ క్యాన్సిలేషన్, ట్రాన్స్‌పరెన్సీ, ఈక్వలైజర్ అన్నీ ఆఫ్. చెవిలోంచి తీయగానే పాజ్ అయ్యే ఫీచర్ కూడా ఆఫ్. లేకపోతే టెస్ట్ మధ్యలో ఆగిపోతుంది.

తర్వాత జాలీ క్లీన్ చేశాం. బడ్ చివర ఉండే సన్న జాలీలో గులిమి పేరుకుంటే సౌండ్ దారుణంగా పడిపోతుంది. రబ్బరు టిప్ తీసి, జాలీ కింది వైపుకి తిప్పి పట్టుకుని, పొడి మెత్తటి బ్రష్‌తో దులపాలి. పిన్నీసు పెట్టి పొడవొద్దు, నీళ్ళు పోయొద్దు. పొడిస్తే జాలీ చిరిగి గులిమి లోపలికి పోతుంది.

ఇప్పుడు కొలత. ఒక ఫోన్‌లో పింక్ నాయిస్ ప్లే చేయాలి. జలపాతం హోరులా ఉండే సౌండ్ అన్నమాట, అన్ని రకాల ఫ్రీక్వెన్సీలూ కలిసి ఉంటాయి. మోనో ఫైల్ తీసుకోండి, రెండు పక్కలా ఒకటే రావాలి. పాట వాడొద్దు, పాటలోనే ఎడమ కుడి వేరుగా ఉంటాయి. వాల్యూమ్ సగంలో పెట్టి ఇక ముట్టుకోవద్దు.

రెండో ఫోన్‌లో సౌండ్ లెవెల్ కొలిచే యాప్. మేం వాడింది ఫైఫాక్స్. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ళది, ఫ్రీ. అందులో ఆడియో యాంప్లిట్యూడ్ అనే ప్రయోగం ఉంటుంది. ఫోన్ మైక్ చూపించే నంబర్ ఖచ్చితమైన డీబీ కాదు, ఫోన్‌కీ ఫోన్‌కీ మారుతుంది. కానీ ఒకే ఫోన్‌తో రెండిట్నీ పోల్చడానికి బాగా పనికొస్తుంది. మనకి కావాల్సింది తేడానే.

బడ్ రబ్బరు టిప్‌ని ఫోన్ మైక్ రంధ్రం మీద సరిగ్గా ఆనించి, చుట్టూ పిల్లలు ఆడుకునే క్లే పెట్టి గాలి పోకుండా మూశాం. రంధ్రంలోకి క్లే వెళ్ళకుండా చూసుకోండి. రెండు బడ్స్‌కీ ఒకే రబ్బరు టిప్ వాడాం, టిప్ తేడా కలవకూడదు కాబట్టి. నంబర్ నిలకడగా ఉన్నాక రాసుకుని, బడ్ పూర్తిగా తీసేసి, మళ్ళీ మొదటి నుంచి పెట్టి, మళ్ళీ కొలిచాం. ఒక్కో బడ్‌కి ఐదుసార్లు.

కుడి బడ్: 71.2, 70.6, 71.7, 71.0, 71.5. సగటు 71.2.

ఎడమ బడ్: 70.4, 71.1, 69.9, 70.6, 70.5. సగటు 70.5.

తేడా 0.7 డీబీ. నేను మురిసిపోయి "చూశావా, తక్కువే ఉంది" అన్నాను.

"ఒక్క కుడి బడ్‌లోనే నీ రీడింగ్స్ 70.6 నుంచి 71.7 దాకా ఊగాయి. అంటే నీ కొలతలోనే 1 డీబీ పైన తేడా ఉంది. దాంట్లో 0.7 పట్టుకుని కంపెనీని ఉరి తీస్తావా?" అన్నాడు.

ఇదే అసలు పాఠం. ఒకే వస్తువుని మళ్ళీ మళ్ళీ కొలిస్తే వచ్చే తేడా కంటే రెండు వస్తువుల మధ్య తేడా స్పష్టంగా పెద్దదిగా ఉంటేనే మాట్లాడాలి. లేకపోతే నోరు మూసుకోవాలి. ఒక్కసారే కొలిచి ఉంటే 71.7, 69.9 వచ్చి ఉండేది, 1.8 డీబీ తేడా అని ఇంకో పోస్ట్ పెట్టేవాణ్ణి.

మరి నాకు ఎడమ పక్క తక్కువ వినపడటం మాటేమిటి?

తప్పు ఎక్కడుందంటే

బడ్స్‌ని ఎడమది కుడి చెవిలో పెట్టుకోలేం, షేప్ కుదరదు. అందుకని ఇంట్లో ఉన్న పెద్ద హెడ్‌ఫోన్ తీసుకుని, అదే మోనో ఫైల్ పెట్టి, ముందు మామూలుగా, తర్వాత తిప్పి పెట్టుకుని విన్నాను. లెక్క ఇది. తిప్పినప్పుడు తక్కువ వినపడే పక్క కూడా మారితే తప్పు హెడ్‌ఫోన్‌ది లేదా ఫోన్‌ది. ఎలా తిప్పినా ఒకే చెవికి తక్కువ వినపడితే, తప్పు చెవి దగ్గరే ఉంది.

ఎలా తిప్పినా నా ఎడమ చెవికే తక్కువ వినిపించింది.

మర్నాడు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఎడమ చెవి గులిమితో దాదాపు మూసుకుపోయి ఉందన్నారు. తీసేసరికి ఐదు నిమిషాలు పట్టింది. ఇంటికొచ్చి అవే బడ్స్ పెట్టుకుంటే గొంతు సరిగ్గా మధ్యలో ఉంది.

నేను రోజూ ఇయర్‌బడ్స్ పెట్టుకుని గులిమిని లోపలికి నెట్టుకుంటూ, ఫ్యాక్టరీలో క్వాలిటీ లేదని రాశాను. రివ్యూ పైన సవరణ పెట్టాను. మా పిన్ని కొడుక్కి ఆ పదిహేను వందలు నేనే ఇచ్చాను. "అన్నయ్యా, పర్లేదులే" అన్నాడు గానీ తీసుకున్నాడు.

ఒక ముఖ్యమైన మాట. ఒక చెవికి ఉన్నట్టుండి, గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో వినికిడి తగ్గితే, గులిమి అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. అదే రోజు డాక్టర్‌కి చూపించండి. కొన్ని రకాల వినికిడి లోపాలకి ట్రీట్‌మెంట్ మొదటి రోజుల్లో మొదలుపెడితేనే ఉపయోగం ఎక్కువ. చెవిలో పుల్లలు, పిన్నులు వద్దే వద్దు.

అదే పద్ధతి అక్కకి పనికొచ్చింది

ఇది చదివి "అయితే ఎప్పుడూ తప్పు మనదేనా, కంపెనీది కాదా" అనుకోకండి. రెండు నెలల తర్వాత మా అక్క బడ్స్ విషయంలో ఇదే టెస్ట్ చేశాను. వేరే మోడల్. ఎడమ సగటు 71.4, కుడి సగటు 64.9. తేడా 6.5 డీబీ. ఒక్కో బడ్‌లో రీడింగ్స్ ఊగింది 1 డీబీ లోపే. జాలీ క్లీన్ చేసి మళ్ళీ కొలిచినా నంబర్ మారలేదు. హెడ్‌ఫోన్ తిప్పి విన్నప్పుడు అక్కకి రెండు చెవులూ సమానమే.

అంతకుముందు అక్క సర్వీస్ సెంటర్‌కి వెళ్తే అక్కడబ్బాయి పాట పెట్టి ఐదు సెకన్లు విని "సౌండ్ వస్తోంది మేడమ్, ఓకే" అని పంపేశాడు. రెండోసారి పది రీడింగ్స్ రాసిన కాగితం, టెస్ట్ వీడియో తీసుకెళ్ళింది. వాదన జరగలేదు. లోపల మెషీన్‌లో పెట్టి చూసి, వారంటీలో కొత్త సెట్ ఇచ్చారు. "తక్కువ వస్తోంది" అంటే అభిప్రాయం. "ఐదుసార్లు కొలిచాను, 6 డీబీ పైన తేడా" అంటే కంప్లైంట్.

రెండు మోడల్స్ పోల్చేవాళ్ళు పడే గొయ్యి

ఎడమ కుడి సంగతి పక్కన పెట్టి, రెండు ఫోన్లు లేదా రెండు హెడ్‌ఫోన్స్ పోల్చేటప్పుడు కూడా ఇదే సమస్య వస్తుంది, ఇంకా మోసంగా.

రెండింటి మధ్య 1 డీబీ తేడా ఉంటే, చాలాసార్లు "ఇది గట్టిగా ఉంది" అని మనకి అనిపించదు. "ఇది క్లియర్‌గా ఉంది, బేస్ నిండుగా ఉంది, డీటెయిల్ ఎక్కువ" అనిపిస్తుంది. పైన చెప్పిన ఫ్లెచర్, మన్సన్ కొలతలు గుర్తున్నాయా? గట్టిగా ఉన్నదాంట్లో బేస్ నిజంగానే ఎక్కువ వినిపిస్తుంది. షోరూమ్‌లో ఒక స్పీకర్ వాల్యూమ్ కాస్త పెంచి పెడితే, కొనేవాళ్ళ చెయ్యి దాని వైపే వెళ్తుంది.

అందుకే సీరియస్‌గా ఆడియో పోల్చేవాళ్ళు ముందు రెండింటి లెవెల్ సమానం చేస్తారు. బ్లైండ్ టెస్టుల్లో 0.1 డీబీ దాకా సరిచేయడం అలవాటు. మనకి అంత కుదరదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో మీడియా వాల్యూమ్‌కి 15 మెట్లే ఉంటాయి, ఒక్కో మెట్టుకి మార్పు 1 డీబీ కంటే పెద్దదే. "రెండూ 50 శాతంలో పెట్టి పోల్చాను" అనే మాటకి అర్థమే లేదు, ఒక ఫోన్ 50 శాతం ఇంకో ఫోన్ 50 శాతం ఒకటి కాదు. ల్యాప్‌టాప్‌లో ప్లేయర్ స్లైడర్ వాడితే సన్నగా సరిచేయొచ్చు. పింక్ నాయిస్‌తో కొలిచి అర డీబీ లోపలికి తెచ్చుకుని, ఏది ప్లే అవుతోందో మీకు తెలియకుండా ఫ్రెండ్‌తో మార్పిస్తూ వినండి. "భూమ్యాకాశాల తేడా" అని మీరు అనుకున్న వాటిల్లో కొన్ని అక్కడే కరిగిపోతాయి.

బ్లూటూత్‌లో ఇంకో చిక్కు ఉంది. కొన్ని ఫోన్, బడ్స్ జతల్లో ఫోన్ వాల్యూమ్, బడ్స్ వాల్యూమ్ కలిసి ఒకటిగా నడుస్తాయి, కొన్నిట్లో వేరువేరుగా ఉంటాయి. వేరుగా ఉంటే ఫోన్‌లో ఫుల్ పెట్టినా బడ్స్‌లో తక్కువ ఉండి సౌండ్ రాదు. ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్స్‌లో అబ్సల్యూట్ వాల్యూమ్ అనే స్విచ్ దీనికి సంబంధించిందే. "కొత్త ఫోన్‌కి మారాక బడ్స్ సౌండ్ పడిపోయింది" అంటే ముందు అది చూడండి.

3 డీబీ అంటే చెవికి ఎంత ఖర్చు

చివరగా, ఈ డీబీ లెక్క రివ్యూల కోసమే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి 80 డీబీ సౌండ్ వారానికి 40 గంటల వరకు ఫర్వాలేదు. అక్కడి నుంచి ప్రతి 3 డీబీకీ టైమ్ సగం అయిపోతుంది. 83 అయితే 20 గంటలు. 86 అయితే 10. 90 దగ్గరికి వచ్చేసరికి 4 గంటలే.

ఇప్పుడు ఒక పక్క 6 డీబీ తక్కువ వచ్చే బడ్స్ ఊహించుకోండి. తక్కువ ఉన్న పక్క వినపడాలని మనం వాల్యూమ్ పెంచుతాం. ఆ 6 డీబీ బాగున్న పక్కకి కూడా వెళ్తుంది. ఆ చెవికి ఇచ్చిన టైమ్ నాలుగో వంతుకి పడిపోతుంది. మా అక్క బస్సులో రోజూ రెండు గంటలు అలాగే వింది. నేనూ గులిమి ఉన్న చెవి కోసం పెంచి, బాగున్న చెవిని కొట్టుకున్నాను. బ్యాలెన్స్ తేడా అంటే పాట ఆనందం తగ్గడమే అనుకుంటాం, కానీ పోయిన వినికిడికి రీప్లేస్‌మెంట్ లేదు, వారంటీ లేదు.

కాబట్టి ఈసారి ఒక పక్క తక్కువ అనిపిస్తే ఈ వరుసలో వెళ్ళండి. సెట్టింగ్స్‌లో బ్యాలెన్స్ చూడండి. జాలీ దులపండి. టిప్స్ సైజు రెండు పక్కలా సరిగ్గా బిగిశాయో లేదో చూడండి. హెడ్‌ఫోన్ తిప్పి పెట్టుకుని చెవిని అనుమానించండి. అప్పుడు ఐదేసి సార్లు కొలవండి. తేడా మీ కొలత ఊగే దానికంటే పెద్దదైతే కాగితం పట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్ళండి, తగ్గొద్దు. చిన్నదైతే కంపెనీని వదిలేయండి.

ఇప్పుడు నేను రాసే ప్రతి ఆడియో రివ్యూలో ఐదు రీడింగ్స్ పెడుతున్నాను. ఆర్టికల్ పూర్తి కాగానే మా వాడికి పంపిస్తాను. వాడి నుంచి ఇప్పటికీ వచ్చే మొదటి మెసేజ్ అదే. "ఎన్నిసార్లు కొలిచావురా?"